స్వయంచాలక ఆయుధాల మీట మనిషి చేతిలో ఉంటే సరిపోతుందా?

2003 మార్చి 23న ఇరాక్ మీద దాడి ముగించుకుని కువైట్‌లో దిగబోతున్న బ్రిటిష్ టోర్నడో విమానాన్ని మిత్రదేశమైన అమెరికా పేట్రియాట్ క్షిపణి కూల్చేసింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. మీట నొక్కింది మనిషే. కానీ తెర మీద కనిపించింది విమానం కాదు, తమ రాడార్ మీదికి దూసుకొస్తున్న క్షిపణి గుర్తు. అలాంటి క్షిపణిని గుర్తుపట్టడానికి యంత్రానికిచ్చిన కొలతలు మరీ వదులుగా ఉండటంతో కిందికి దిగే విమానం కూడా వాటిలో ఇమిడిపోయింది. 'మీవాళ్లమే' అని చెప్పాల్సిన ఐఎఫ్ఎఫ్ అనే విమాన సంకేత పరికరం పనిచేయలేదు. ఆలోచించుకోవడానికి సిబ్బందికి దొరికింది సుమారు నిమిషం.

1988 జూలై 3న జరిగింది దీనికి తిరగబడ్డ కథ. ఇరాన్ ప్రయాణికుల విమానం పైకెక్కుతోందని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్‌లోని ఏజిస్ అనే రాడార్, ఆయుధ వ్యవస్థ సరిగ్గానే నమోదు చేసింది. తమ మీదికి దిగుతోందని మనుషులే పొరబడి కూల్చేశారు. 290 మంది పోయారు.

అందుకే, లక్ష్యాన్ని తనంతట తానే ఎంచుకుని కొట్టగల ఏఐ ఆయుధాల మీద దేశాలు రాసుకునే ఒప్పందంలో 'మనిషి నియంత్రణ' అన్న మాట ఒక్కటీ ఉంటే చాలదంటాను. ఎంత సమయం, ఏ సమాచారం, కాదనే అధికారం ఉందా అన్నవి కూడా రాయాలి.

యుద్ధ నియమాలను చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 36వ అధికరణం ప్రకారం, కొత్త ఆయుధం అంతర్జాతీయ చట్టానికి లోబడుతుందో లేదో దాన్ని తెచ్చుకునే దేశమే ముందుగా పరిశీలించుకోవాలి. ఏఐ విషయంలో ఇది రెండుచోట్ల తడబడుతుంది. మొదటిది, ఇవాళ పరీక్షించిన మోడల్‌కు రేపు కొత్త డేటాతో శిక్షణ ఇస్తే అది వేరే ఆయుధమే, మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి. రెండోది 'కచ్చితత్వం 95 శాతం' అనే గొప్ప. లెక్క వేసి చూడండి. వెయ్యి వాహనాల్లో సైనికవి 10 అనుకుందాం. ఆ యంత్రం వాటిలో తొమ్మిదో పదో పట్టుకుంటుంది. మిగతా 990లో 5 శాతం, అంటే దాదాపు 50 పౌర వాహనాల్ని కూడా లక్ష్యాలుగా చూపిస్తుంది. అరవై హెచ్చరికల్లో యాభై తప్పే! కాబట్టి పరిశీలకుడు మొత్తం శాతాన్ని పక్కనపెట్టి, వాడబోయే నేల మీద, ఆ దుమ్ములో, ఆ రద్దీలో పౌరుల్ని లక్ష్యాలుగా ఎన్నిసార్లు పొరబడిందో అడగాలి.

భారత్ ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు. 2023 నవంబరులో నిరాయుధీకరణను చూసే ఐరాస మొదటి కమిటీలో స్వయంచాలక ఆయుధాల తీర్మానానికి 164 దేశాలు అవునంటే, కాదన్న ఐదింటిలో మనమూ ఉన్నాం. కొన్ని సంప్రదాయ ఆయుధాలపై ఐరాస ఒప్పందం (సీసీడబ్ల్యూ) కింద జెనీవాలో సాగే వేదికలోనే చర్చ జరగాలన్నది మన వాదన. ఆ వేదికను తేలిగ్గా తీసిపారేయలేం, 2017లో అక్కడి నిపుణుల బృందానికి అధ్యక్షత వహించింది భారతీయ దౌత్యవేత్తే. చిక్కల్లా ఏకాభిప్రాయ నియమంతోనే: ఒక్క దేశం అడ్డం తిరిగినా అక్కడ ఏదీ కదలదు.