తిమ్మమ్మ మర్రిమానుకు అమ్మ మొక్కు

మా పాపకు నాలుగేళ్లు నిండాక గానీ అమ్మ అసలు సంగతి బయటపెట్టలేదు. పెళ్లయి ఏడేళ్లయినా మాకు పిల్లల్లేని రోజుల్లో తను తిమ్మమ్మ మర్రిమానుకు మొక్కుకుందట. "బిడ్డను తెచ్చి చూపిస్తానని మాటిచ్చినా. ఇంకెన్నాళ్లు దాటేస్తావురా?" అంది, నేనేదో తెలిసి తెలిసి ఎగ్గొడుతున్నట్టు. ఆ ఏడేళ్లలో మేం తిరిగిన ఆస్పత్రులు, మా ఆవిడ వేయించుకున్న ఇంజెక్షన్లు గుర్తొచ్చాయి కానీ నోరు మెదపలేదు. ఆవిడకు సెలవు దొరకలేదు. ఓ ఆదివారం అమ్మా, పాపా, నేనూ తిరుపతిలో ధర్మవరం వైపు వెళ్లే రైలెక్కాం.

అమ్మ లెక్కలో ముందు కదిరి నరసింహస్వామి, ఆ తర్వాతే చెట్టు. ఆ మాటకొస్తే కదిరి కూడా చెట్టు పేరే. ఖదిర అంటే చండ్ర చెట్టు. స్వామి దాని కింద వెలిశాడు కాబట్టే ఖాద్రి నరసింహుడయ్యాడని, ఊరికీ ఆ పేరే వచ్చిందని చెబుతారు. తాంబూలంలో వేసుకునే కాచు ఆ చెట్టు చేవ నుంచే తీస్తారు. దర్శనం అయ్యాక ఆటో అతన్ని "ఇక్కడ చండ్ర చెట్టు ఎక్కడైనా ఉందా?" అని అడిగాను. "ఆ పేరుతో వీధి ఏదీ లేదు సార్" అన్నాడు.

అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. దేశంలోనే వానలు బాగా తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. దారి పొడవునా ఎర్రనేల, రాళ్ల గుట్టలు, శెనక్కాయ చేన్లు. గూటిబయలు దగ్గర పడుతుంటే దూరంగా పచ్చటి తోపు ఒకటి కనిపించింది. అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. తోపులోకి నడిచాం. పది నిమిషాలు తిరిగాక పాప నా చొక్కా లాగి, "చెట్టెక్కడ నాన్నా?" అంది.

నిజానికి నాక్కూడా అదే సందేహం. చుట్టూ వందల కొద్దీ మానులు. కొన్ని ఇద్దరు చేతులు చాపినా అందనంత లావు, కొన్ని నా పిడికిలంత. తలెత్తి చూస్తే తెలుస్తుంది, అన్నీ పైనున్న కొమ్మల నుంచి దిగినవే. ఊడలు నేలను తాకి, వేళ్లు పోసి, కాండాలుగా మారాయి. సంస్కృతంలో మర్రిని న్యగ్రోధం అంటారు, కిందికి పెరిగేది అని అర్థం. ఆ పేరు పెట్టినవాడు ఇలాంటి చోట నిలబడే పెట్టి ఉంటాడు. సుమారు ఐదెకరాల మీద ఒకే చెట్టు పరుచుకుని ఉంది. చుట్టుకొలత 846 మీటర్లు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దీని గురించి లోకానికి చాటింది కర్ణాటకకు చెందిన ఫొటో జర్నలిస్టు రిగ్రెట్ అయ్యర్. పత్రికలు తన రచనల్ని తిప్పి పంపుతూ రాసిన 'రిగ్రెట్' ఉత్తరాలనే ఆయన ఇంటిపేరులా తగిలించుకున్నాడు. ఆ మనిషి నాకు భలే నచ్చాడు.

లోపల తిమ్మమ్మ గుడి చిన్నది. అమ్మ తెచ్చిన చీర, గాజులు, పసుపుకుంకుమలు పెట్టి, పాప చేత సాష్టాంగం చేయించింది. కథ అందరికీ తెలిసిందే. 1434లో భర్త బాలవీరయ్య చనిపోతే తిమ్మమ్మ ఆయన చితిలోనే సహగమనం చేసింది. ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయ్యిందని నమ్మకం. చిన్నప్పుడు ఈ కథ విని కళ్లు తుడుచుకునేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, కూతురు చెయ్యి పట్టుకుని నిలబడ్డాక, ఆ నిప్పు దగ్గరే నా మనసు ఆగిపోయింది. "ఒక ఆడమనిషి కాలిపోయిన చోటుకు వచ్చి ఆడబిడ్డను చూపిస్తున్నామా అమ్మా?" అనేశాను. అనకుండా ఉండాల్సింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో కుంకుమ చేతులు తుడుచుకుంటూ, "నేను మొక్కింది మిగిలినదానికిరా, కాలినదానికి కాదు" అంది.

అక్కడ ఊడలకు నీళ్లు పెడుతున్న పెద్దాయన ఒకరు మాతో పాటు కాస్త దూరం నడిచారు. లేత ఊడల్ని ఎలా దించుతారో ఆయనే చూపించారు. చీల్చిన వెదురు బొంగులో మట్టీ ఎరువూ నింపి, గాలిలో వేలాడుతున్న ఊడను అందులోకి పంపిస్తారు. లేకపోతే కొస ఎండిపోవచ్చు, మేకలు కొరకొచ్చు, ఏ పిల్లాడో పట్టుకుని ఊగొచ్చు. బొంగులోంచి నేలకు చేరి కుదురుకుందా, ఇక అది స్తంభమే. పై కొమ్మ బరువు మోస్తుంది, కొమ్మ ఇంకాస్త ముందుకు సాగుతుంది. మరీ బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలబెట్టారు. ఇదంతా చూసేదాకా ఈ చెట్టు తనంతట తనే ఇంత అయ్యిందనుకున్నాను.

"అసలు మొదలు ఏది?" అని అడిగాను. ఆయన ఒక చోట చూపించబోయి, మళ్లీ నవ్వి, "అన్నీ మొదళ్లే" అన్నారు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. కోల్‌కతా పక్కన శిబ్‌పూర్ తోటలో ఉన్న పెద్ద మర్రికి తుపాన్ల తర్వాత బూజు పట్టి అసలు కాండం కుళ్లితే, 1925లో దాన్ని తీసేశారు. చెట్టు ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. మర్రికి గుండె ఒకచోట ఉండదు. అందుకే చంపడం కష్టం, చూసుకోవడమూ కష్టమే. ఎక్కడ ఏ మూల కుళ్లు మొదలైందో తెలియాలంటే ఐదెకరాలూ రోజూ తిరగాలి.

"ఈ చెట్టు మీద పిట్టలు రెట్ట వేయవు" అని కూడా చెప్పారాయన. నేను నవ్వాపుకున్నాను, ఎందుకంటే అప్పటికే నా భుజం మీద తెల్లటి మచ్చ పడింది. అయినా రెట్టే లేకపోతే మర్రి ఎక్కడిది? పిట్టలూ గబ్బిలాలూ పండు తిని గింజను ఏ తాటిచెట్టు మట్టల సందులోనో, గుడి గోడ పగులులోనో వదిలితేనే అది మొలిచేది. మర్రిపండని మనం అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. అందులోకి దూరి పరాగం చేరవేసేది గసగసం గింజంత కందిరీగ. మర్రికి ఒక జాతి, మేడికి ఇంకొకటి, రావికి మరొకటి. ఆ పురుగులు బతకాలంటే ఏడాది పొడవునా ఎక్కడో ఒక చోట మర్రి కాస్తూ ఉండాలి. మిగతా చెట్లన్నీ మోడువారే ఎండాకాలంలో కూడా గోరింకలకూ కోతులకూ తిండి దొరికేది అందుకే. ఇలాంటి బీడు నేలలో ఐదెకరాల మర్రి అంటే ఎన్ని నోళ్లకు ఆధారమో లెక్క కట్టలేం.

ఆకు తెంపితే అరిష్టమని ఇక్కడ గట్టి నమ్మకం. అమ్మ పాప చేతులు రెండూ పట్టుకునే నడిచింది. వంటచెరకు కోసం మైళ్లు నడిచిన కరువుల్లో కూడా దీని మీద గొడ్డలి పడలేదంటే, కంచె కంటే ఆ భయమే ఎక్కువ పని చేసిందని నా అనుమానం. కానీ అది పాతకాలం భయం. గుడికి నాలుగడుగుల దూరంలోనే ఒక ఊడ మీద మేకుతో చెక్కిన ప్రేమ జంటల పేర్లు, బాణం గుచ్చిన గుండె బొమ్మలు. ఆకు తెంపని చేతులే బెరడు కోస్తున్నాయి. కోసిన చోట పాలు కారి, ఎండి, నల్లగా గడ్డకట్టాయి. చెదలకు అంతకన్నా మంచి గుమ్మం ఉండదు.

సాయంత్రం కదిరి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు పాప గౌను జేబులోంచి ఎర్రటి మర్రిపండు బయటపడింది. నాకెందుకో టెన్షన్ వచ్చింది, అమ్మ ఏమంటుందోనని.

"తెంపినావా?"

"లేదు నానమ్మా, కింద పడింది."

అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. రాలిన ఆకు గురించి, రాలిన పండు గురించి ఆ నమ్మకం ఏం చెబుతుందో తనకూ తెలియదనుకుంటా. చివరికి, "ఆ గోడ మీద పెట్టు, ఏ పిట్టైనా తింటుంది" అంది. పాప మునివేళ్ల మీద నిలబడి పెట్టి వచ్చింది. రైలు అరగంట లేటు. అంతసేపూ అది గోడ వైపే చూస్తూ కూర్చుంది. ఏ పిట్టా రాలేదు.