ఎత్తొద్దు 2

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున ఆరున్నరకే ఫోన్ మోగింది. నిద్రకళ్లతో చూస్తే పేరు లేదు, వట్టి నంబర్. ఎత్తి, వీలైనంత మర్యాదగా "ఎవరండీ?" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఎవరండీ ఏంటే? నేనే. ఒంట్లో బాగానే ఉందా?"

పెద్దక్క! ఆ నంబర్ మార్చి ఎన్నేళ్లయిందో తనకే గుర్తులేదట, అంత పాతది. నాకేమో అందులో ఒక్క అంకె కూడా తెలియదు. ఇన్నేళ్లూ నేను చూసింది "పెద్దక్క" అన్న పేరునే, దాని వెనకున్న నంబర్‌ని కాదు. కొత్త ఫోన్, పేర్లు ఇంకా రాలేదు అని చెప్పాను. "అయితే మాత్రం గొంతు కూడా పాత ఫోన్‌లోనే ఉండిపోయిందా?" అని పెట్టేసింది.

జరిగింది ఇదీ. తమ్ముడు కొత్త ఫోన్ కొనుక్కుని తన ఐఫోన్ నాకిచ్చాడు. నాది ఆండ్రాయిడ్. దాని చార్జింగ్ పిన్ను వదులైపోయి, వైరు ఒక వంపులో పట్టుకుని రబ్బరు బ్యాండు చుడితే తప్ప చార్జింగ్ ఎక్కడం లేదు. నిన్న రాత్రి సిమ్ మార్చి, ఐఫోన్ ఆన్ చేసి, అడిగిన ప్రతిదానికీ "తర్వాత", "తర్వాత" అని నొక్కుతూ పోయాను. హోమ్ స్క్రీన్ వచ్చింది. అయిపోయిందనుకుని పడుకున్నాను. కాంటాక్ట్స్ సంగతి తట్టనే లేదు. సిమ్ మార్చాం కదా, దాంతోపాటే వచ్చేస్తాయి అన్న పాత కాలపు నమ్మకం ఎక్కడో మిగిలి ఉన్నట్టుంది.

పెద్దక్క తర్వాత ఇంకో నంబర్ మోగింది. మళ్లీ ఇంట్లోవాళ్లెవరో, ఇంకో మాట పడాలేమో అన్న భయంతో ఈసారి చాలా ఆప్యాయంగా "చెప్పండి, చెప్పండి" అన్నాను. నా పాత ఫోన్‌లో "ఎత్తొద్దు" అనే పేరుతో ఉన్న మనిషి ఆయన. ఎప్పుడో ఒకసారి ఇన్సూరెన్స్ గురించి వివరాలు అడిగిన పాపానికి వదలడం లేదు. మూడేళ్లుగా తప్పించుకున్నదంతా ఇవాళ వడ్డీతో సహా కట్టాను, ఇరవై రెండు నిమిషాలు. మధ్యలో "మీరు ఈసారి చాలా ఇంట్రెస్ట్‌గా ఉన్నారు మేడమ్" అన్నాడు కూడా.

ఆ ఫోన్ పెట్టేసి వెంటనే తమ్ముడికి చేద్దామనుకున్నాను. వాడి నంబరూ తెలియదు! రబ్బరు బ్యాండు సరిచేసి, పాత ఫోన్ ఆన్ చేసి, అందులో చూసి ఇందులో కొట్టాల్సి వచ్చింది.

"ఒరేయ్, ఇందులో ఒక్క పేరూ లేదురా."

"మొదట్లోనే ఆండ్రాయిడ్ నుంచి తెచ్చుకోమంటావా అని అడుగుతుంది కదా చిన్నక్కా. మూవ్ టు ఐఓఎస్ అని."

"అడిగిందేమో. నేను తర్వాత అని నొక్కాను."

"దానికి తర్వాత అంటూ ఉండదు. ఫోన్ మొదటిసారి పెట్టుకునేటప్పుడే."

మూవ్ టు ఐఓఎస్ అనేది ఆపిల్ వాళ్లదే, 2015 నుంచి ఉంది. పాత ఫోన్‌లో ఆ యాప్ వేసుకుంటే, ఐఫోన్ తెర మీద కనిపించే కోడ్ అందులో కొట్టాలట. అప్పుడు రెండు ఫోన్లూ వాటిలో అవే వైఫైతో కలుపుకుని కాంటాక్ట్స్, మెసేజ్‌లు, ఫోటోలు అన్నీ ఇటు పంపిస్తాయి. అయ్యేదాకా ఆ స్క్రీన్ మీంచి కదలకూడదు. ఇప్పుడు ఆ దారిలో వెళ్లాలంటే ఐఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలి. రబ్బరు బ్యాండు మీద బతుకుతున్న ఫోన్‌ని నమ్ముకుని అంత పని చేసే ధైర్యం నాకు లేదు.

"పోనీ, సెటింగ్స్‌లో నీ జీమెయిల్ కలుపు. కాంటాక్ట్స్ అన్న బటన్ ఆన్ చెయ్. నీవన్నీ అందులోనే ఉంటాయి" అన్నాడు.

కలిపాను. నిమిషం తిరగకుండా పేర్లు వరుసగా వచ్చి పడ్డాయి. పెద్దక్క కనిపించింది. మనసు కుదుటపడి, కాఫీ పెట్టుకొచ్చి లెక్క చూస్తే 341. సిమ్ తీసి మళ్లీ పాత ఫోన్‌లో పెట్టి చూస్తే 587.

ఇక్కడే నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. పాత ఫోన్ కాంటాక్ట్స్‌లో ఏ అకౌంట్‌వి చూపించాలో ఎంచుకునే చోటు ఒకటి ఉంది. ఇన్నేళ్లలో దాని జోలికే పోలేదు. జీమెయిల్ అని నొక్కితే 341, ఫోన్ అని నొక్కితే 158, సిమ్ అని నొక్కితే 88. కూడితే సరిగ్గా 587. ఎవరైనా అడిగితే "నంబర్లన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి" అనేదాన్ని. నిజానికి ఫోన్‌లో ఉన్నవి 158. మిగతావాటిలో కొన్ని ఎక్కడో సర్వర్‌లో ఉన్నాయి, కొన్ని గోరంత ప్లాస్టిక్ ముక్కలో ఉన్నాయి. తెర మాత్రం అన్నిటినీ ఒకే వరుసలో పేర్చి చూపిస్తుంది కాబట్టి తేడా తెలియలేదు. కొత్త నంబర్ సేవ్ చేసినప్పుడల్లా "ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగేది. చేతికి ఏది తగిలితే అది నొక్కేదాన్ని. అలా వేర్వేరు మూడ్‌లలో మూడు చోట్ల దాచుకున్నానన్నమాట. అమ్మ ఫోన్‌లో ఉంది, పెద్దక్క జీమెయిల్‌లో ఉంది, పిన్ని సిమ్‌లో ఉంది.

ఫోన్‌లో ఉన్న 158నీ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒకే ఒక్క ఫైల్ వచ్చింది, వీసీఎఫ్ అని. నాకు నేనే మెయిల్ చేసుకుని కంప్యూటర్లో తీశాను. తిన్నగా జీమెయిల్ కాంటాక్ట్స్ పేజీలో ఇంపోర్ట్ నొక్కి ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది. కానీ ఇంతమంది మనుషులు ఒక్క ఫైల్‌లో ఎలా ఉంటారో చూద్దామని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను.

ఉత్త అక్షరాలే. ఒక్కొక్కరికీ "బిగిన్ వీకార్డ్" అని మొదలు, "ఎండ్ వీకార్డ్" అని చివర, మధ్యలో పేరొక వరుస, నంబరొక వరుస. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న పేర్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి. తెలుగులో పెట్టుకున్నవి నాలుగైదే. అవి మాత్రం లేవు. వాటి బదులు ఇలాంటివి ఉన్నాయి (ఇంగ్లిష్ అక్షరాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను): =ఈ0=బీ0=85=ఈ0=బీ0=ఏఈ=ఈ0=బీ1=8డీ=ఈ0=బీ0=ఏఈ. గుండె జారిపోయింది. ఫైల్ పాడైందనుకుని ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేశాను, మళ్లీ అదే. కింద నంబర్ చూస్తే అమ్మది.

కాసేపు వెతికి చదివితే తేలింది, అది పాడవలేదు, అలాగే ఉండాలి. ఆ ఫైల్‌లో వెర్షన్ 2.1 అని ఉంది. అది 1996 నాటి పద్ధతి. ఇంగ్లిష్ కాని అక్షరాలన్నిటినీ అందులో ఇలా సమానం గుర్తులతో విడగొట్టి రాస్తారు. అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతిలోనే ఉండాలి అని 2011లో వచ్చిన వెర్షన్ 4.0 తీర్మానించినా, ఫోన్లు ఇంకా పాత పద్ధతిలోనే రాస్తున్నట్టుంది, నాదైతే అంతే. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, అంటే మూడు సమానం గుర్తులు. "అమ్మ"లో లెక్కపెడితే పన్నెండు ఉన్నాయి. పన్నెండు ఎందుకా అని చూస్తే: అ ఒకటి, మ ఒకటి, దాని పొల్లు ఒకటి, మళ్లీ మ ఇంకొకటి. మనం మ కింద ఒత్తు అనుకునేది దానికి వేరే అక్షరం కాదు, పొల్లు తర్వాత వచ్చిన మామూలు మ. చూడండి, చివర ఏఈ అని ఉన్న ముక్క రెండుసార్లు ఉంది కదా, రెండూ మ-లే. ఆదివారం మధ్యాహ్నం ఒక్క పేరు ముందు ఇంతసేపు కూర్చున్నానంటే మా వాళ్లు నవ్వుతారు. నాకైతే బాగుంది.

ఇంపోర్ట్ చేశాక రెండు ఫోన్లలోనూ "అమ్మ" అనే వచ్చింది, ఒత్తుతో సహా.

సిమ్ పని తేలికే. దాన్ని మళ్లీ ఐఫోన్‌లో పెట్టాను. అందులో సిమ్ కాంటాక్ట్స్ ఇంపోర్ట్ అని ఒక వరుస ఉంది, ఏ అకౌంట్‌లో వెయ్యాలో అడిగింది, ఈసారి జాగ్రత్తగా చదివి జీమెయిల్ అన్నాను. ఐఫోన్ తనంతట తాను సిమ్‌లో ఏమీ దాయదట, ఉన్నవి తీసుకోవడం మాత్రమే. మంచిదే అనిపించింది, ఎందుకంటే సిమ్‌లోంచి వచ్చిన పేర్లన్నీ తోకలు తెగి ఉన్నాయి. సిమ్‌లో సాధారణంగా 250 పేర్ల దాకానే చోటు, అందులోనూ పేరుకు కేటాయించింది కాస్తంత. "పిన్ని పాత ఇంట", "పాప స్కూల్ వ్యా", "గ్యాస్ బుకిం". ఒకటి మాత్రం "బాబాయి వాళ్ల ప" దగ్గర ఆగింది. పక్కింటివాళ్లా, పనమ్మాయా, పెద్దబ్బాయా? చేసి అడగాలంటే మళ్లీ "ఎవరండీ" అనాలి. వదిలేశాను.

మూడు చోట్ల నుంచి తెచ్చేసరికి కొన్ని పేర్లు రెండేసి, మూడేసి సార్లు కనిపించాయి. డూప్లికేట్లు ఉన్నాయి, కలపమంటావా అని ఐఫోనే అడిగింది. పొద్దుటి పాఠం మధ్యాహ్నానికే మర్చిపోయి, అన్నీ కలిపెయ్ అన్నాను. ఇప్పుడు నా దగ్గర "ప్లంబర్" అని ఒక్కడే ఉన్నాడు, వాడికి మూడు నంబర్లు. వాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఒకాయన చెప్పిన టైమ్‌కి వస్తాడు, ఒకాయన అసలు రాడు, ఇంకొకాయన ఈ పని మానేశాడు. ఎవరిది ఏ నంబరో ఇక ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో వింత. పేర్ల వరుస నాకేమీ అర్థం కాలేదు. "లిఫ్ట్ మెకానిక్" కోసం ఎల్‌లో వెతికితే లేడు, ఎమ్‌లో ఉన్నాడు. ఇక్కడ పేరులో చివరి మాటను బట్టి పేరుస్తోంది. అందువల్ల లిఫ్ట్, ఫ్రిజ్, టీవీ, బండి మెకానిక్‌లందరూ ఒకేచోట పక్కపక్కనే నిలబడ్డారు. అది బాగానే ఉంది కానీ "పెద్దక్క కొత్త" కె కిందికి, "పెద్దక్క ఆఫీస్" ఓ కిందికి వెళ్లి మా అక్క రెండు ముక్కలైంది. సెటింగ్స్‌లో మొదటి మాటను బట్టి అని మార్చేశాను. మెకానిక్‌లు చెల్లాచెదురయ్యారు పాపం.

సాయంత్రం ఊపుమీద ఉన్నాను కదా, కంప్యూటర్లో కూర్చుని పనికిరానివి తీసేద్దామని మొదలుపెట్టాను. పాత ఆఫీసులో ఎవరెవరివో, ఒక్కసారే మాట్లాడినవాళ్లవి, ఓ నలభై తీసేశాక అనుమానమొచ్చి పాత ఫోన్ చూస్తే అందులోనూ పోయాయి. అదింకా పాత కాపీగా అలాగే ఉంటుందనుకున్నాను. టెన్షన్‌తో మళ్లీ తమ్ముడికే చేశాను.

"అన్నీ ఒకే అకౌంట్ కదా చిన్నక్కా, ఒకచోట తీస్తే అన్నిచోట్లా పోతాయి. ట్రాష్‌లో ముప్ఫై రోజులుంటాయిలే, కావాలంటే తెచ్చుకో."

"అన్నీ ఒకే అకౌంట్‌లోకి మార్చింది ఇవాళే కదరా."

"అందుకే ఇవాళే తెలిసింది" అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడింతే.

తీసిన నలభైలో మూడు వెనక్కి తెచ్చుకున్నాను. కొత్తగా చేర్చేవి కూడా జీమెయిల్‌లోకే పోయేలా డిఫాల్ట్ అకౌంట్ మార్చాను. వాట్సాప్‌లో పొద్దున నంబర్లుగా ఉన్నవాళ్లందరూ సాయంత్రానికి మనుషులయ్యారు. పాత చాట్‌లు మాత్రం రాలేదు, అవీ ఆ మూవ్ టు ఐఓఎస్ దారిలోనే రావాలట. దాని గురించి ఇవాళ ఆలోచించదలుచుకోలేదు.

పాత ఫోన్‌కి రబ్బరు బ్యాండు తీసి సొరుగులో పెట్టబోతుంటే కొత్తది మోగింది. ఉలిక్కిపడి చూశాను. తెర మీద పెద్ద అక్షరాల్లో: ఎత్తొద్దు 2.

ఈ రెండో ఆయన ఎవరో, ఎందుకు ఎత్తొద్దనుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మోగినంతసేపూ ఆ పేరు వంకే చూస్తూ కూర్చున్నాను. ఎత్తలేదు.