కైరోలో నేను ‘బాబా’నయిన వైనం

ఉద్యోగం మీద కైరో వచ్చి మూడేళ్లయింది. భారతీయుడు కనబడితే చాలు, ఇక్కడి టాక్సీ డ్రైవరు నుంచి కూరగాయల ముసలాయన వరకు అందరూ ‘అమితాబ్ బచ్చన్!’ అంటారు. నేను తిరిగి వాళ్ల ఫుట్‌బాల్ ఆటగాడి పేరు, ‘ఒమర్ మర్మూష్’ అంటాను. ‘ఆ, మంచి ఆటగాడే. కానీ సలాహ్ ఉన్నాడు చూశారూ...’ అని తమ జట్టులోని పెద్ద తార మొహమ్మద్ సలాహ్ గురించి మొదలుపెడతారు. మర్మూష్ పుట్టింది ఈ ఊళ్లోనే. పద్దెనిమిదేళ్లకు జర్మనీ వెళ్లి, అక్కడ ఏళ్ల తరబడి నలిగి, 2025 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ సిటీలో చేరాడు. నెల తిరగకుండా న్యూకాజిల్ మీద పద్నాలుగు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టాడు. అయినా సొంత ఊళ్లో రెండో పేరే.

2025 సెప్టెంబరు 5న ఈజిప్టుకు ఇథియోపియాతో మ్యాచ్ ఇక్కడే అని తెలిసి, వెళ్లి తీరాలనుకున్నాను. ఇక్కడ టికెట్ కొనాలంటే ముందు అభిమాని కార్డు ఉండాలి. 2012లో ఈ దేశంలోనే పోర్ట్ సయీద్ స్టేడియంలో అభిమానుల గొడవల్లో 74 మంది చనిపోయారు. ఆ తరువాత ఏళ్ల తరబడి లీగు మ్యాచ్‌లకు జనాన్ని సరిగా రానివ్వలేదు. అందుకే ఇంత తనిఖీ, దాన్ని నేను తప్పుపట్టను.

ఫోనులో వివరాలు నింపడం పది నిమిషాల పని. కార్డు తెచ్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు ‘బుక్రా’ అన్నారు, అంటే రేపు. రెండో రోజూ బుక్రాయే. మూడో రోజు కౌంటరు కుర్రవాడు నా పాస్‌పోర్టు తిరగేసి, ‘మీ పేరు, నాన్న పేరు, తాత పేరు వరసగా చెప్పండి’ అన్నాడు. నా పేరు పాపారావు. అరబ్బీలో ‘ప’ లేదు, ‘బ’ రాస్తారు. పాపా కాస్తా బాబా అయింది. ఆ భాషలో బాబా అంటే నాన్న! తాత పుల్లయ్య బుల్లయ్య అయ్యాడు. ఇంటిపేరు చూపించి ‘ఈయన ఎవరు?’ అని అడిగాడు. మనిషి కాదు, మా పూర్వీకుల ఊరు అన్నాను. ‘నాన్న పేరు అడిగితే ఊరి పేరు చెబుతాడేమిటి’ అని పక్కవాడితో అన్నాడు. నా అరబ్బీ మా ఆఫీసులో అందరికన్నా మెరుగు, ప్రతి ముక్కా అర్థమైంది.

కాసేపటికి ‘బాబా! బాబా ఎక్కడ?’ అని గట్టిగా పిలిచాడు. వరసలో నలభై మంది ఉంటారు, పగలబడి నవ్వారు. ఒక పిల్లవాడు ‘ఇక్కడున్నా నాన్నా’ అని చెయ్యి ఎత్తాడు. యాభై రెండేళ్ల మనిషిని, తల వంచుకుని వెళ్లి కార్డు తీసుకున్నాను. మీరు వెళితే పాస్‌పోర్టు నకళ్లు నాలుగు పట్టుకెళ్లండి. పేరులో ‘ప’ ఉంటే గుండె కూడా గట్టి చేసుకోండి.

స్టేడియంలోకి వెళ్లడం సులువుగానే అయింది. మొదటి సగంలోనే రెండు పెనాల్టీలు వచ్చాయి. సలాహ్ కొట్టినప్పుడు బెంచీలు అదిరిపోయాయి. రెండోది మర్మూష్‌కు ఇచ్చారు. నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన మాత్రం పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. బంతి వలలో పడ్డాక నా కేకలు చూసి, గుప్పెడు గింజలు నా చేతిలో పోసి పేరు అడిగాడు.

కార్డు జేబులోంచి తీయకుండా, ‘అమితాబ్’ అన్నాను.