క్లచ్ పెడల్ మునిగిపోతోందా? ముందు గేర్ బాక్స్ దించనివ్వకండి

క్లచ్ తొక్కితే కాలు కిందిదాకా వెళ్లిపోయి, గేర్ పడక గరగరమంటే మన వైపు ఏ షెడ్డుకి వెళ్లినా మొదట వచ్చే మాట ఒకటే, "క్లచ్ ప్లేట్లు పోయాయండి, గేర్ బాక్స్ దించాలి." పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాడికి ఆ మాట వింటే గుండె జారిపోతుంది. ఎందుకంటే అక్కడ దించేది గేర్ బాక్స్ ఒక్కటే కాదు. దాని వెనకాల, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ ఇంజన్ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వేలాడుతూ ఉంటుంది, ముందుకొకటి వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాలి, కింద క్రాస్ మెంబర్ తీయాలి, ఏళ్ల తరబడి తుప్పు పట్టిన బోల్టుల్లో ఒకటో రెండో విరగకుండా ఆ పని అవ్వదు. అంతా దించాక "ప్లేట్లు ఇంకా కొన్నాళ్లు వస్తాయి గానీ, ఎలాగూ దించాం కదా, కొత్తవి వేసేద్దామండి" అంటారు. వేసేస్తారు. పెడల్ మాత్రం మళ్లీ మునుగుతుంది, ఎందుకంటే రోగం అక్కడ లేదు.

నా బండి పాత డీజిల్, లో రేంజ్ (వేగం తగ్గించి లాగుడు పెంచే గేర్లు) ఉన్నది. రాజోలు వైపు చెరువు గట్ల మీదకి మేత బస్తాలు వేసుకుని వానాకాలంలో వెళ్లాలంటే వేరే ఏదీ పనికిరాదు, అందుకే ఇంట్లో అందరూ అమ్మేయమంటున్నా ఉంచుకున్నాను. దీనికి కొన్నాళ్లుగా పొద్దున్నే మొదటిసారి తొక్కితే పెడల్లో పట్టు ఉండదు. గబగబా రెండుసార్లు కొడితే పైకి వస్తుంది, గేర్ పడుతుంది. షెడ్డులో చూపిస్తే పైన రాసిన మాటే చెప్పారు. కొట్టగానే పైకి వస్తోందంటే ప్లేట్ల తప్పు ఎలా అవుతుందండీ అని అడిగితే, "ఆయ్, పాత బండి కదండీ" అన్నారు. అదీ జవాబే అనుకోవాలి.

అసలు సంగతి సఖినేటిపల్లి రేవులో తేలింది. నరసాపురం వెళ్లడానికి పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కే వరసలో ఆగాం. ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఉన్నాను, ముందు మోటారు సైకిళ్లు ఎక్కుతున్నాయి. నా కాలు కదల్లేదు, పెడల్ నేలకి ఆనే ఉంది, బండి మాత్రం మెల్లగా ముందుకి పాకడం మొదలెట్టింది. "అన్నయ్యా, బ్రేకు బ్రేకు!" అని పక్కన తమ్ముడు అరుపు. బ్రేకు తొక్కేసరికి ఇంజన్ ఒక్క ఊపు ఊపి ఆగిపోయింది. ఎదురుగా గోదావరి, వెనకాల హారన్లు, టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆ పాకడంలోనే జవాబు ఉంది. తొక్కిన క్లచ్ తొక్కినట్టే ఉండగా ప్లేటు తనంతట తాను మళ్లీ పట్టుకుందంటే, దాన్ని విడదీసి ఉంచిన ప్రెజర్ ఎటో జారిపోతోందన్నమాట. బానెట్ కింద క్లచ్ ఆయిల్ డబ్బా చూస్తే మట్టం చుక్క తగ్గలేదు. అంటే బయటికి కారడం లేదు, లోపలే జారుతోంది.

ఇది అర్థం కావాలంటే ఆ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. పెడల్ వెనకాల, ఇంజన్‌కీ మనకీ మధ్య అడ్డంగా ఉండే రేకు, అంటే ఫైర్‌వాల్ మీద మాస్టర్ సిలిండర్ ఉంటుంది. మనం తొక్కితే దాని పిస్టన్ ముందుకెళ్లి (క్లచ్‌లోనూ వాడేది బ్రేక్ ఆయిలే) బ్రేక్ ఆయిల్‌ని ఇనప పైపులోకి, అక్కడి నుంచి రబ్బరు హోస్‌లోకి, దాంట్లోంచి గేర్ బాక్స్ హౌసింగ్ పక్కనున్న స్లేవ్ సిలిండర్‌లోకి తోస్తుంది. స్లేవ్ పిస్టన్ చిన్న కడ్డీతో లివర్ లాంటి ఫోర్క్‌ని నెడుతుంది, ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ని నెడుతుంది, ప్రెజర్ ప్లేటు పట్టు వదులుతుంది, ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ లంకె తెగుతుంది. అంతే. మాస్టర్ లోపల పిస్టన్ ముందు ఒక రబ్బరు కప్పు ఉంటుంది. దాని అంచు అరిగితే ఆయిల్ ముందుకెళ్లకుండా కప్పు పక్క నుంచి వెనక్కి జారి మళ్లీ డబ్బాలోకే చేరుతుంది, అందుకే మట్టం తగ్గదు. వాషర్ అరిగిన చేతి పంపు చూశారుగా, మెల్లగా కొడితే నీళ్లు రావు, గబగబా కొడితే వస్తాయి. ఇదీ అంతే.

మీ బండికి ఇలాగే అవుతుంటే రెంచి ముట్టుకునే ముందు చూడాల్సినవి చెప్తాను. మొదట డ్రైవర్ కాళ్ల దగ్గర దూరి, పెడల్ కడ్డీ ఫైర్‌వాల్‌లోకి వెళ్లే చోట వేలితో తడమండి. తడిగా ఉంటే మాస్టర్ వెనక సీల్ పోయినట్టు, కార్పెట్ కింద పెయింట్ కూడా ఊడిపోయి ఉంటుంది. తర్వాత బండి కిందకి వెళ్లి స్లేవ్ మీదున్న రబ్బరు తొడుగు కొంచెం లేపి చూడండి, తొడుగు బయట పొడిగా ఉన్నా లోపల ఆయిల్ నిలవుండొచ్చు. రబ్బరు హోస్‌ని గుప్పిట పట్టుకుని ఇంకొకర్ని పెడల్ తొక్కమంటే అది ఉబ్బుతోందో లేదో చేతికి తెలుస్తుంది. ఈ హోస్ ఇంకో పేచీ కూడా పెడుతుంది, లోపలి పొర వాచి దారి మూసుకుంటే ఆయిల్ వెళ్తుంది గానీ తిరిగి రాదు. అప్పుడు పెడల్ వదిలినా క్లచ్ పూర్తిగా పట్టదు, లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు. మనకి కొండలెక్కడివి గానీ, చించినాడ వంతెన ఎక్కేటప్పుడు తెలిసిపోతుంది. దీన్ని కూడా ప్లేట్ల ఖాతాలోనే రాసేస్తారు.

ఇంకొకటి చాలామంది చూడనిది, పాత బళ్లలో మాస్టర్ బిగించిన చోట ఫైర్‌వాల్ రేకే పగులుతుంది. ఒకరు తొక్కుతుంటే బానెట్ ఎత్తి చూడండి. మాస్టర్ మొత్తం ముందుకీ వెనక్కీ ఊగుతుంటే మీ కాలి బలం రేకుని వంచడానికే పోతోంది, ఎన్ని కొత్త సిలిండర్లు వేసినా లాభం లేదు, వెల్డింగ్ చేయించాల్సిందే. పెడల్‌కీ కడ్డీకీ మధ్య ఉండే పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయినా కొంత తొక్కుడు వృథాగా పోతుంది.

ఇవేవీ కాకపోతే తేల్చేసే పరీక్ష ఒకటుంది. మాస్టర్ నుంచి బయటికొచ్చే పైపు విప్పి, అదే మరకి సరిపోయే ప్లగ్ బిగించి, లోపలి గాలి తీసి పెడల్‌ని నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. మాస్టర్ బాగుంటే కొంచెం దూరంలోనే రాయిలా ఆగిపోతుంది, ఎంతసేపు పట్టుకున్నా దిగదు. నాది దిగింది. ఎక్కడా చుక్క కారకుండా నేలదాకా దిగింది. ఇక వాదించడానికి ఏమీ లేదు, గేర్ బాక్స్ జోలికి వెళ్లక్కర్లేదని అక్కడే ఖాయమైంది.

మాస్టర్ విప్పితే లోపల గోధుమరంగు బురద. కప్పు అంచు అరిగి ఉంది, సిలిండర్ గోడకి అడుగువైపు తుప్పు గుంటలు. కిట్ వేస్తే చాలు, అంటే రబ్బర్లు మారిస్తే సరిపోతుందని షెడ్డులో అన్నారు, ఖర్చు తక్కువ కదా. నేను ఒప్పుకోలేదు. గోడ నున్నగా ఉంటే కిట్ వేసుకోవచ్చు, గుంటలు పడ్డాక కొత్త కప్పుని కూడా ఆ గుంటలే కోసేస్తాయి. భీమవరంలో కొత్త మాస్టర్ దొరికింది, దాంతో పాటు రబ్బరు హోస్ కూడా తెచ్చేశాను. స్లేవ్ పొడిగా ఉంది కాబట్టి ముట్టుకోలేదు.

ఆ తుప్పు మన గాలి చలవే. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది, దాని గుణమే అంత. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీళ్లు కలిశాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. క్లచ్‌కి అంత వేడి రాదు గానీ ఆ నీళ్లు లోపలి ఇనుముని తినేస్తాయి. ఇటు సముద్రం, అటు చెరువులు, మధ్యలో కాలవలు, మనకి పొడి గాలి ఎక్కడిది? బ్రేక్ ఆయిలన్నా ఎప్పుడో ఒకసారి మారుస్తారు, క్లచ్ డబ్బాని ఎవరూ తలుచుకోరు. రెండేళ్లకోసారి మార్చేస్తే నాలాంటి పాత బండికి మంచిదని నా లెక్క. డాట్ 5 మాత్రం పోయకండి, అది సిలికాన్, వీటితో కలవదు. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. పెయింట్ మీద బ్రేక్ ఆయిల్ ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

బిగించడం తేలిక, గాలి తీయడమే విసిగించింది. తమ్ముడు పెడల్ దగ్గర, నేను కింద. వాడు తొక్కి పట్టుకుంటే నేను స్లేవ్ మీద గాలి తీసే నిప్పుల్ వదులు చేయడం, గాలి బుడగలు ట్యూబులోంచి సీసాలోకి పోయాక బిగించడం, ఆ తర్వాతే వాడు పెడల్ వదలడం. వరస తప్పితే గాలి మళ్లీ లోపలికే. బుడగలు ఆగిపోయినా పెడల్ మాత్రం సగంలోనే నిలబడింది. పైపు ఫైర్‌వాల్ దగ్గర పైకి వంపు తిరుగుతుంది, అక్కడ గాలి కూర్చుంటే కింద నుంచి ఎంత తీసినా రాదు. అప్పుడు నిప్పుల్ బిగించేసి, స్లేవ్ కడ్డీని చేత్తో నెమ్మదిగా లోపలికి నెట్టాను. ఆయిల్ వెనక్కి ఎక్కి, పైన డబ్బాలో బుడబుడమంటూ గాలి బయటికొచ్చేసింది. ఇలా నెట్టేముందు డబ్బా నిండుగా లేకుండా చూసుకోండి, పొంగి బానెట్ కింద అంతా పడుతుంది. అలా కొన్నిసార్లు చేశాక పెడల్ పైకి లేచింది.

చివర్లో పెడల్ కడ్డీ నట్టు సరిచేసి కొంచెం ఖాళీ ఆట ఉంచాలి. ఆట లేకుండా బిగిస్తే మాస్టర్‌లో ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది, ఇంజన్ వేడెక్కి ఆయిల్ వ్యాకోచించాక క్లచ్ దానంతటదే సగం తొక్కినట్టు అయిపోయి జారుతుంది. పెడల్ పైనే పట్టాలన్న సరదాతో కొందరు ఇది చేయిస్తారు, తర్వాత నిజంగానే ప్లేట్లు కాలిపోతాయి.

దారిలో క్లచ్ పూర్తిగా పోతే ఎలా అని అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. పాత బళ్లలో క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ పనిచేస్తుంది. చెరువు గట్టు మీదో మట్టి దారిలోనో అయితే లో రేంజ్‌లో ఫస్ట్ గేర్ వేసి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ అవుతూనే కదులుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు ఆపి, ఇంజన్ కట్టేసి, టూ వీల్ డ్రైవ్‌లోకి మార్చుకోండి, పొడి తారు మీద ఫోర్ వీల్‌తో మలుపు తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది. అక్కడి నుంచి హై రేంజ్ ఫస్ట్‌లో అలాగే సెల్ఫ్ కొట్టి, ఇంజన్ స్పీడు కలిసినప్పుడు గేర్లు జారవిడుస్తూ ఇంటికి రావొచ్చు. పంటు మాత్రం ఆ బండితో ఎక్కకండి, చించినాడ వంతెన మీదుగా తిరిగి రండి.