ఇంటి ఫోటోలకు చిన్న కెమెరా: ముందు చూడవలసింది సెన్సార్

కుటుంబ ఫోటోల కోసం చిన్న డిజిటల్ కెమెరా కొనదలచినవారు మెగాపిక్సెళ్ల అంకె కంటే ముందు సెన్సార్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్) పరిమాణాన్ని చూడాలని నా గట్టి అభిప్రాయం. చవక కెమెరాలలో సాధారణంగా ఉండే 1/2.3 అంగుళాల రకం కంటే, 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్‌100 వంటి వాటిలోని 1 అంగుళం రకం సెన్సార్ వైశాల్యంలో దాదాపు 4 రెట్లు పెద్దది కాబట్టి, తక్కువ వెలుతురులో తీసిన ఫోటో కూడా చుక్కలు చుక్కలుగా అంతగా చెడిపోదు.

మా కోనసీమ ఇళ్లలో ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. భోగినాటి సాయంత్రం మండువా లోగిలిలో పిల్లలకు భోగిపళ్లు పోస్తుండగా, అమ్మమ్మ గుప్పిట్లోంచి రేగుపళ్లూ చిల్లర నాణేలూ జారే ఆ క్షణాన్ని ఫ్లాష్ లేకుండా పట్టుకోవాలంటే ఎఫ్/1.8 వంటి, ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే లెన్స్ ఉండాలి. లేకపోతే షట్టర్ నెమ్మదించి, కదిలే చేతులు అలికినట్లు వస్తాయి.

పెద్ద జూమ్ అక్కరలేదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం మధ్య ఇంటిల్లిపాదినీ ఒకే ఫోటోలో ఇమడ్చడానికి 24 మిల్లీమీటర్ల (35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో) వెడల్పు కోణమే పనికొస్తుంది. 2016 నాటి కానన్ జీ7 ఎక్స్ మార్క్ 2లో అది ఉంది. పైకి లేచి ముందువైపుకు తిరిగే దాని తెర వల్ల, ఎప్పుడూ ఫోటోలు తీస్తూ ఏ ఫోటోలోనూ కనబడని ఇంటి మనిషికి కూడా చోటు దొరుకుతుంది.

డెల్టా తేమకు లెన్స్ లోపల బూజు పడుతుంది కనుక, పాత కెమెరా కొనేటప్పుడు టార్చి వేసి తప్పక చూడండి. వానాకాలంలో దానిని తోలు సంచిలో కాక, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.