బ్రేకును ఎప్పుడైనా పూర్తిగా తొక్కి చూశారా?

లైసెన్సు తీసుకుని పదేళ్ళు దాటినవాళ్ళలోనూ చాలామంది ఈ ప్రశ్నకి వెంటనే అవునని చెప్పలేరు. టెస్ట్ ట్రాక్ మీద 8 వేశారు, హెచ్ వేశారు, రివర్స్ తీశారు. అవన్నీ మనిషి నడిచేంత వేగంలో అయిపోయే పనులు. విజయవాడ బెంజి సర్కిల్ వదిలి, కృష్ణ మీది వారధి దాటి, గుంటూరు దారి పట్టాక బండి 80లో ఉంటుంది. అక్కడ ప్రాణం కాపాడే విద్య ఆ ట్రాక్ మీద ఎవరూ నేర్పరు. అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ శిక్షణ ఉన్నది ఆ లోటు పూడ్చడానికే. ఎంత దూరంలో ఆగగలమో తెలియాలి, అంత ఖాళీ మన ముందు ఎప్పుడూ ఉండాలి. స్పీడు నేర్పే కోర్సు అనుకుని చేరితే డబ్బు దండగ.

లెక్క చూడండి. 80 అంటే సెకనుకు 22 మీటర్లు. ముందు బండి బ్రేకు లైటు కంటపడి, కాలు పెడల్ మీదికి చేరడానికి సెకనున్నర వేసుకుంటే అప్పటికే 33 మీటర్లు పోయాం. పొడి తారు, మంచి టైర్లు, పూర్తి బ్రేకు ఉంటే ఇంకో 35. మొత్తం 68. అదే 100లో దాదాపు 97 అవుతుంది. స్పీడు పెరిగింది నాలుగో వంతే, బ్రేకు దూరం మాత్రం సగానికి పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తడి రోడ్డు మీద 80కే బ్రేకు దూరం 50 మీటర్లు దాటుతుంది.

బ్రేకు కంటే ముందు సీటు. బ్రేకు అడుగుదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు తిన్నగా చాచాల్సి వస్తే బలం అందదు. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. ఛాతీకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ చోటు కావాలి. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగంతో సమానంగా పెట్టాలి. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట్ల. పడక కుర్చీలోలా వెనక్కి వాలి, ఒంటిచేత్తో నడిపేవాళ్ళకి పూర్తి బ్రేకు సాధ్యం కాదు. వదులైన ఫ్లోర్ మ్యాట్, సీటు కింద దొర్లే నీళ్ళ బాటిల్ తీసేయండి. రెండూ పెడల్ కిందకి చేరేవే.

ఇక అసలు సాధన. నలుగురూ తిరిగే రోడ్డు మీద మాత్రం వద్దు. ఊరి బయట గేటు ఉన్న ఖాళీ లేఅవుట్ దొరికితే యజమాని అనుమతితో వాడుకోవచ్చు. 150 మీటర్ల తిన్నని, పొడిగా ఉన్న, ఇసుక లేని రోడ్డు చాలు. ఇసుకా కంకరా ఉంటే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి కూడా మామూలు కంటే ఎక్కువ దూరం జారుతుంది. ఎవరూ అడ్డం రాకుండా చూడటానికి ఒక మనిషి బయట నిలబడాలి. టైర్లలో గాలి, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంత, బండి చల్లగా ఉండగానే పట్టించాలి.

రెండు నీళ్ళ బాటిళ్ళు రోడ్డుకి అటూ ఇటూ పెట్టి, 30లో వచ్చి, ముందు చక్రాలు వాటిని దాటగానే క్లచ్చూ బ్రేకూ ఒకేసారి బలమంతా పెట్టి తొక్కండి. బండి పూర్తిగా ఆగేదాకా వదలొద్దు. తర్వాత 40, ఆపైన 50. ఆగిన చోటిదాకా టేపు పెట్టి కొలవండి. 40లో దాదాపు 9 మీటర్లు, 50లో 14 రావాలి. బాగా ఎక్కువ వస్తే తొక్కడంలో లోపం కావచ్చు, టైర్లు అరిగి ఉండొచ్చు. ట్రెడ్, అంటే టైరు మీది గాడుల లోతు, 1.6 మిల్లీమీటర్లకి వస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. నాలుగైదు సార్లకి బ్రేకులు వేడెక్కుతాయి. కాలిన వాసన వస్తే హ్యాండ్‌బ్రేకు లాగకుండా నెమ్మదిగా కాసేపు తిప్పి చల్లబరచండి.

తప్పులు దాదాపు అందరివీ ఒకటే. మొదటిది, సగం తొక్కి, ఆగదని అనిపించాక మిగతా సగం తొక్కడం. రోజూ మెత్తగా ఆపే అలవాటు కాలికి పట్టేసింది కాబట్టి ఇలా జరుగుతుంది. రెండోది, ముందు క్లచ్, ఆ తర్వాత బ్రేకు. 60లో అరసెకను ఆలస్యమంటే 8 మీటర్లు. మూడోది అన్నిటికంటే ప్రమాదం: ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు పెడల్ కింద గరగరమని అదురుతుంది, ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. అదురుతోందంటే ఏబీఎస్ పనిచేస్తోందని అర్థం, ఇంకా గట్టిగా తొక్కి ఉంచాలి. ఈ ఒక్క అదురు కాలికి పరిచయం కావడం కోసమైనా ఒక పూట కేటాయించాలి.

తర్వాత బాటిళ్ళకి అవతల, ఏడెనిమిది మీటర్ల దూరంలో ఖాళీ అట్టపెట్టె పెట్టి, 40లో పూర్తి బ్రేకు తొక్కి ఉంచుతూనే దాని పక్కనుంచి తప్పించాలి. పెట్టెని చూస్తే పెట్టెనే గుద్దుతారు, పక్కనున్న ఖాళీని చూడాలి. చక్రం లాక్ అయితే స్టీరింగ్ మాట వినదు. ఏబీఎస్ లాక్ కానివ్వదు, అందుకే బ్రేకు మీద ఉండగానే తిప్పగలం. ఏబీఎస్ లేని పాత కారులో బ్రేకు కాస్త వదిలితేనే బండి తిరుగుతుంది.

ఇంత నేర్చుకున్నా ఈ బ్రేకు అవసరం పడకుండా నడపడమే పై మెట్టు, దానికి కళ్ళు పనిచేయాలి. లండన్ పోలీసులు హెండన్ డ్రైవింగ్ స్కూల్లో 1930ల నుంచీ శిక్షణ ఇస్తున్నారు. కనిపించేది, చేయబోయేది గట్టిగా చెబుతూ నడపడం బ్రిటన్ పోలీసు శిక్షణలో ముఖ్యమైన సాధన. మన రోడ్ల మీద అది ఇంకా బాగా పనికొస్తుంది. రామవరప్పాడు రింగు దగ్గర ఇలా ఉంటుంది: 'ఎడమ పక్క ఆటో, ఫుట్‌పాత్ మీద ఆవిడ చెయ్యెత్తింది, ఆటో ఆగుతుంది, వెనక బైకు నా వైపు వస్తుంది, అద్దం చూశాను, కాలు తీస్తున్నాను.' నోరు ఆగిందంటే చూపు ఆగినట్టే. పది నిమిషాలకే అలసట వస్తుంది, మొదట్లో అంతే చాలు. ఆగి ఉన్న బండి కదులుతుందేమో తెలియాలంటే దాని ముందు చక్రం చూడండి, బాడీ కంటే ముందు చక్రం కదలిక తెలుస్తుంది.

విజయవాడ–గుంటూరు మధ్య ఆరు వరసల హైవే మీద లారీలు కుడి వరసలోనే పోతుంటాయి, ఎడమవైపు నుంచి దాటక తప్పదనిపిస్తుంది. దాటేముందు ఎడమ వరస ఎంత దూరం ఖాళీగా ఉందో కనిపించాలి. సర్వీస్ రోడ్డు కలిసే చోట, బస్సులు ఆగే చోట దాటొద్దు. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించరు. లారీ దాటిన చోటికి మీరు మూడు సెకన్ల తర్వాత చేరేంత వెనక ఉంటే అద్దమూ కనిపిస్తుంది, ముందు రోడ్డూ కనిపిస్తుంది. వానలో నాలుగైదు సెకన్లు ఉంచండి.

గుంటూరు నుంచి అమరావతి వెళ్ళే దారి లాంటి రెండు వరసల రోడ్ల మీద లెక్క మారుతుంది. 50లో పోయే లారీని 70లో దాటడానికి దాదాపు 10 సెకన్లు. ఆలోగా మీరు 195 మీటర్లు, ఎదురుగా 80లో వచ్చే బండి 222 మీటర్లు వస్తారు. అంటే 420 మీటర్ల ఖాళీ, దానిపైన కొంత మిగులు కావాలి. హైవే పక్కన కిలోమీటరు రాళ్ళ మధ్య ప్రతి 200 మీటర్లకీ చిన్న రాయి ఉంటుంది. కారులో పక్కన కూర్చున్నప్పుడు వాటితో కంటిని అలవాటు చేసుకోండి, 400 మీటర్లంటే అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

రాత్రి డిప్‌లో 40, 50 మీటర్లకి మించి స్పష్టంగా కనిపించదు. 60లో ఆగడానికి పట్టేది 45. అందుకే లైట్లు లేని దారిలో, ఎదురుగా బండ్లు వస్తూ డిప్‌లోనే పోవాల్సి వస్తే 60 దాటకూడదు. మిర్చి యార్డుకి సరుకు వచ్చే నెలల్లో, వరి కోతలప్పుడు ఇది మరీ ముఖ్యం. గడ్డి ట్రాక్టర్‌కి వెనక లైటు ఉన్నా లోడు కప్పేస్తుంది.

శిక్షకుణ్ణి ఎంచుకునేటప్పుడు బండి గిరగిరా తిప్పడం, జారించి నిలబెట్టడం నేర్పుతామంటే వద్దనండి. నార్వేలో కొత్త డ్రైవర్లకి జారుడు రోడ్డు శిక్షణ తప్పనిసరి చేశాక కుర్రవాళ్ళ ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి, కారణం అతి నమ్మకం. మంచి శిక్షకుడు మొదటి ఇరవై నిమిషాలు మాట్లాడకుండా మీ పక్కన కూర్చుని చూస్తాడు, తర్వాత సీటు సరిచేయిస్తాడు, మీ సొంత బండి మీదే బ్రేకు వేయిస్తాడు, మిగిలిన సమయమంతా ట్రాఫిక్‌లో తిప్పుతాడు. ఒక కారులో ముగ్గురి కంటే ఎక్కువమందిని ఎక్కిస్తే మీ చేతికి స్టీరింగ్ వచ్చేది కాసేపే, చేరే ముందే అడిగి తెలుసుకోండి.