ఉమ్మనీరు పోతోందంటే ఒంటేలు అన్నారు: నా అనుభవం

బాబు నిన్న ఇంటికొచ్చాడు. పుట్టిన పదిహేనో రోజుకి. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారకముందే రాసేస్తున్నాను.

కాన్పుకని గుంటూరు జిల్లాలోని పుట్టింటికొచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. ముప్పై మూడో వారం నడుస్తోంది. ఆదివారం తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి నైటీ తడిసి ఉంది. నొప్పి లేదు. లేచి నిలబడగానే కాళ్ళ వెంట గోరువెచ్చగా కారింది. బిగబట్టి చూశాను, ఆగలేదు. వాసన చూశాను, ఒంటేలు వాసన కాదు. ఫోన్‌లో టైమ్ రాసిపెట్టుకున్నాను: 4:10. ఈ మొత్తంలో నేను చేసిన మంచి పని అదే. ఆ ఒక్క అంకె తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తాను.

తొమ్మిదింటికి అమ్మా నాన్నలతో దగ్గరలోని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్న పది నిమిషాలకే కింద మడుగైంది. సిస్టర్ చూసి ఆయాని కేకేసింది, తుడుపుగుడ్డ పట్టుకురమ్మని. "టీచరమ్మవంట కదా, ఒంటేలు కూడా ఆపుకోలేవా?" అంది, ఓపీలో ఉన్న ఇరవై మందీ వినేలా. నాన్న నా పక్కనే ఉన్నాడు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా తల దించుకుని బయటికెళ్ళిపోయాడు. నాకు ముప్పై ఏళ్ళు. మా నాన్న ముందు నేనెప్పుడూ అంత చిన్నబోలేదు.

లోపల డాక్టర్‌కి జరిగింది చెప్పబోతే సగంలోనే ఆపారు. పోయిన వారం స్కాన్ చూసి "నీరు బాగానే ఉందిగా" అన్నారు. పోయిన వారం ఉమ్మనీటి సంచి పగల్లేదు కాబట్టే బాగుంది! చేత్తో పరీక్ష చేశారు. కాసేపటికి జూనియర్ వచ్చి మళ్ళీ చేసింది. "బిడ్డ బరువుకి ఒంటేలు జారుతుంటుంది, మామూలే, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకో" అని చీటీ రాసిచ్చారు. బల్ల దిగుతుంటే మళ్ళీ కారింది. చూసి కూడా ఏమీ అనలేదు.

సిగ్గుతో నేనూ ఎదురు అడగలేదు. అక్కాచెల్లెళ్ళూ, ఇక్కడ ఒక్క మాట. కడుపుతో ఉన్న ఒంటి గురించి నోరు తెరవడం సిగ్గుమాలినతనం కాదు. "ఇది మూత్రమని ఏ పరీక్ష చేసి చెప్తున్నారు?" అని అడగండి. గట్టిగా, అందరూ వినేలా అడగండి.

పగలంతా అమ్మ ఇచ్చిన పాత చీర ముక్కలు మారుస్తూ పడుకున్నాను. సాయంత్రం ఏడింటికి ఒక్కసారిగా చెంబెడు నీళ్ళు పోయాయి. మా వదిన ఏఎన్ఎం, అంటే ఊళ్ళో గర్భిణుల్ని, పిల్లల్ని చూసే నర్సు. ఫోన్‌లో వినగానే "అది ఉమ్మనీరే. 108కి ఫోన్ చేసి గుంటూరు వెళ్ళండి, నడిపించకండి" అంది.

తొమ్మిదిన్నరకి గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నాను. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ నాకంటే చిన్నపిల్ల. మొదటి ప్రశ్నే "ఎన్నింటికి మొదలైందమ్మా?" అని. 4:10 అన్నాను. పదిహేడు గంటలు దాటిందని కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాసింది. రెండో ప్రశ్న, ఎవరైనా చేత్తో పరీక్ష చేశారా అని. రెండుసార్లన్నాను. ఆవిడ ముఖం మారింది. సంచి పగిలాక, నొప్పులు లేనప్పుడు, అవసరం లేకుండా వేళ్ళతో చూస్తే క్రిములు పైకెక్కే ప్రమాదం పెరుగుతుందట. ఆవిడ మాత్రం శుభ్రం చేసిన స్పెక్యులమ్ (లోపల చూడటానికి పెట్టే పరికరం) పెట్టి, "ఒకసారి దగ్గమ్మా" అంది. దగ్గగానే గర్భసంచి ముఖద్వారం నుంచి నీరు దిగింది. ఎర్ర లిట్మస్ ముక్క తడిపి నా కళ్ళ ముందు పట్టుకుంది. అంచు నుంచి మొదలై మెల్లగా నీలంగా మారింది.

నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఏటా పదో తరగతి పిల్లలకి క్షారం ఎర్ర లిట్మస్‌ని నీలంగా మారుస్తుందని చూపిస్తాను. ఉమ్మనీటిది క్షార గుణం, మూత్రం మామూలుగా ఆమ్లం వైపే ఉంటుంది. రక్తం కలిసినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా లిట్మస్ తప్పు చూపొచ్చట, అందుకే నీరు దిగడం కళ్ళారా చూడటమే ముఖ్యమంది. రెండూ కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఆ రెండు నిమిషాలు పొద్దున నాకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత యాంటీబయోటిక్స్, బిడ్డ ఊపిరితిత్తుల కోసం పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నాలుగు గంటలకోసారి జ్వరం చూడటం. అన్నీ టైముకి జరిగాయి.

బుధవారం పొద్దున వణుకుతూ జ్వరమొచ్చింది. బాబు గుండె వేగం 170 దాటింది. ఇక ఆగకూడదని నొప్పులు రావడానికి మందు పెట్టారు, మధ్యాహ్నానికి కాన్పయింది. 1,940 గ్రాములు. ఏడ్చాడు, ఆ ఏడుపు విన్నాను, వెంటనే పిల్లల ఐసీయూకి తీసుకెళ్ళారు. సంచి పగిలి పద్దెనిమిది గంటలు దాటితే చాలు, బిడ్డకి ఇన్‌ఫెక్షన్ ముప్పుందని లెక్కేస్తారట. పైగా నెలలు నిండలేదు, తల్లికి జ్వరం. అందుకే రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకి పంపి, రిజల్ట్ కోసం ఆగకుండా ఆంపిసిలిన్, జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్స్ మొదలుపెట్టారు.

రెండో రోజు బాబు ఒళ్ళు చల్లబడింది. గొట్టంతో పోసిన పాలు అరగలేదు. రక్తంలో సీఆర్‌పీ (ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే ప్రోటీన్) పెరిగింది. అరికాలు ముట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. ఆ చల్లదనం ఇప్పటికీ నా వేళ్ళకి తెలుస్తోంది. పెద్దవాళ్ళకి జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది కదా, నెలలు నిండని పిల్లలకి ఇన్‌ఫెక్షన్ ఇలా చల్లబడటంగా కూడా కనబడుతుందని అప్పుడే తెలిసింది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. నాకు ముందే మందులు పడ్డాయి కాబట్టి దాన్ని నమ్మి ఆపలేమని ఏడు రోజులూ పూర్తి చేశారు. ఐదో రోజు నుంచి బాబుని ఛాతీకి కట్టుకుని కూర్చోనిచ్చారు. రోజుకి ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్నాను. వార్డులో అంతసేపు కూర్చున్నది నేనొక్కదాన్నే, సిస్టర్లే చెప్పారు.

ఆ పదిహేడు గంటల వల్లే ఇలా అయిందా అని అడిగాను. అలా తేల్చి చెప్పలేమమ్మా అంది డాక్టరమ్మ. ముందే వచ్చుంటే మందులు ముందే మొదలయ్యేవి, అది మాత్రం నిజమంది.

ఇప్పుడు బాబు రెండు కిలోల నూట పది గ్రాములు. బరువు తక్కువగా పుట్టాడని కంటి పరీక్షకి డేట్ ఇచ్చారు, చెవుల పరీక్ష గురువారం. నర్సింగ్ హోమ్ చీటీ, గుంటూరు డిశ్చార్జ్ కాగితం ఒకే కవర్‌లో పెట్టాను. మూడో నెల రాగానే బాబుని ఎత్తుకుని, నాన్నని వెంటబెట్టుకుని అదే ఓపీకి వెళ్తాను. ఆ రెండు కాగితాలూ ఆ డాక్టర్ బల్ల మీద పక్కపక్కన పెడతాను.